కరువు నేలలో ఊబకాయం



ఎవరి స్మృతిలో మనం ఇవాళ ఇక్కడ చేరామో ఆ వైద్యులు ఈ మెట్టప్రాంతపు రోగులను జీవితకాలం చూశారు. మందు రాసే ముందు, పొద్దున ఏం తిని వచ్చావని అడిగే తరానికి చెందినవారు. ఆయన పేరున జరిగే ఉపన్యాసానికి విషయం ఎంచుకునే స్వేచ్ఛను నిర్వాహకులు నాకే ఇచ్చారు. ఊబకాయం గురించి మాట్లాడతానన్నప్పుడు కొందరు మిత్రులు ఆశ్చర్యపోయారు. ఫ్లోరైడ్ నీళ్ళకు పేరుపడ్డ నల్లగొండలో, వలసకు పేరుపడ్డ పాలమూరులో చెప్పుకోవలసిన జబ్బు ఇదా అన్నారు. వారి ఆశ్చర్యం సహజమైనదే. దానికి సమాధానం చెప్పడానికే ఈ ప్రయత్నం.

నేను ప్రతిపాదించేది ఒక్క విషయం. ఈ నేల మీద ఊబకాయం కరువుకు కొనసాగింపు. తిండి ఎక్కువై వచ్చిన జబ్బని అనుకుంటే రోగనిర్ధారణ దగ్గరే దారి తప్పుతాం. తరతరాలుగా అర్ధాకలితో పెరిగిన శరీరాలకు ఒక్క తరంలోనే తిండి మారింది, పని మారింది. కొత్త జీవితానికి ఆ శరీరాలు ఇస్తున్న జవాబు ఇది. ఈ సంగతిని మొదట బయటపెట్టినదీ, ఇక ముందు తేల్చవలసినదీ పరిశోధనే. అందులో ముఖ్యమైన భాగం మన పొలిమేరల్లోనే జరిగింది.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 30 శాతం మంది అధిక బరువుతో గాని ఊబకాయంతో గాని ఉన్నారు. పురుషులలో 32 శాతం. అదే సర్వేలో ఉండవలసినదాని కన్నా బక్కగా ఉన్న స్త్రీలు దాదాపు 19 శాతం. ఐదేళ్ళలోపు పిల్లల్లో మూడోవంతు మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత. ఈ అంకెలను విడివిడిగా చదివితే రెండు వేర్వేరు రాష్ట్రాల లెక్కలనిపిస్తాయి. కానీ తరచుగా ఇవి ఒకే ఇంటివి. తల్లికి నడుము చుట్టూ కొవ్వు, రక్తంలో ఇనుము కరువు. ఆమె ఒడిలోని బిడ్డ ఎత్తు ఎదగలేదు. ఈ రెంటినీ కలిపి చదవడం నేర్చుకోనంత కాలం మన వైద్యం సగమే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1876–78 నాటి మహాక్షామం దక్కనును ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1890లో పాలమూరుకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది. పేరు మారినా మెట్టసాగు మారలేదు. కృష్ణ, తుంగభద్ర పక్క నుంచే పారినా నీళ్ళు పొలం ఎక్కలేదు. వాన పడితే జొన్న, ఆముదం, కంది, పడకపోతే మూటాముల్లె. దేశమంతటా ప్రాజెక్టుల కట్టల మీద మట్టి మోసిన మనుషులకు పాలమూరు లేబరు అనే పేరు స్థిరపడింది. తమ పొలాలకు నీళ్ళు లేక పరాయి పొలాలకు నీళ్ళు పారించడానికి కండలు కరిగించిన ఆ కుటుంబాల పిల్లలూ మనవలూ ఇవాళ షుగరు చీటీ పట్టుకొని మన ఓపీల ముందు వరుసలో నిలబడుతున్నారు. వాళ్ళ కేసు షీటులో ఈ చరిత్రకు గడి లేదు.

ఈ నేల ఆకలిని శాస్త్రం పట్టించుకోలేదని చెప్పలేం. కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధనా కేంద్రం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి అదే జాతీయ పోషకాహార సంస్థ. తార్నాకలోని ఆ సంస్థ వైద్యులు వచ్చీ రాగానే చూసిన జబ్బుల్లో పెల్లాగ్రా ఒకటి. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. మక్కలే తిండిగా బతికే దేశాల్లో అది వస్తుందని ప్రపంచానికి తెలుసు. దక్కనులో మాత్రం జొన్న తినేవాళ్ళకు వస్తోంది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్యలు 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి కారణం ప్రతిపాదించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం పాలు ఎక్కువ, అది నియాసిన్ విటమిన్‌కు అడ్డుపడుతుంది అన్నారు. ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుచేయడానికి కారణం ఉంది. జొన్న రొట్టె, తైదంబలి తిన్న మన తాతలకు ఏ జబ్బూ లేదని ఇప్పుడు ప్రతి సభలోనూ వింటున్నాం. జొన్న మంచి తిండే. దాని పక్కన పప్పు, పాలు, ఆకుకూర ఉన్నప్పుడు. అది తప్ప మరేమీ దొరకని కూలివాడి ఇంట్లో ఆ జొన్నే పెల్లాగ్రాకు దారి తీసింది. గింజను దేవతను చేయడం వల్ల గాని దయ్యాన్ని చేయడం వల్ల గాని రోగికి ఒరిగేది లేదు. పళ్ళెంలో మిగిలినదేమిటి అన్నదే ప్రశ్న.

ఫ్లోరైడ్ చరిత్రలోనూ ఇదే పాఠం ఉంది. 1937లో నెల్లూరు ప్రాంతపు రోగుల మీద షార్ట్, ఆయన సహచరులు రాసిన వ్యాసం మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యలోకం ముందు పెట్టింది. నల్లగొండ వంతు 1955లో వచ్చింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ ఈ జిల్లా రోగుల గురించి రాశారు. 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో రూపాన్ని వర్ణించారు. మోకాళ్ళు లోపలికి వంగిపోయిన యువకులను చూసి, అది నీటి దోషం ఒక్కటే కాదనీ, తిండి లోపం తోడైనప్పుడు అదే నీరు ఎముకను మరింతగా వంచుతుందనీ ఆలోచించారు. జొన్న తిండికీ శరీరం నుంచి రాగి పోవడానికీ ఉన్న సంబంధాన్ని వెతికారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి నల్లగొండ టెక్నిక్ అనే పేరుతో ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఊరి స్థాయిలో చేయగల పని అది. స్థానిక రోగాన్ని స్థానికంగా చదివితే ప్రపంచానికి పనికొచ్చే జ్ఞానం పుడుతుందని ఈ జిల్లా ఒకసారి రుజువు చేసింది. ఊబకాయం విషయంలో ఆ పని ఇంకా చేయవలసే ఉంది.

గోపాలన్ గారి మరొక వాదాన్ని ఇక్కడ తలచుకోవాలి. 1980ల తొలి ఏళ్ళలో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త, పేద దేశాల ప్రజలు పొట్టిగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారు, అది పరిసరాలకు సర్దుబాటు మాత్రమే అని వాదించాడు. గోపాలన్ దాన్ని తీవ్రంగా ఖండించారు. కురచదనం సర్దుబాటు కాదు, నష్టపోయిన ఎదుగుదల అన్నారు. దాని ఖరీదు ఆ తరమే కాక తర్వాతి తరాలూ చెల్లిస్తాయని ఆయన భయం. తర్వాతి దశాబ్దాల పరిశోధన ఆయన పక్షానే నిలిచింది.

దానికి మొదటి ఆనవాళ్ళు యూరప్‌లో దొరికాయి. 1944–45 చలికాలంలో జర్మన్ సేనలు తిండి రాకుండా దిగ్బంధం చేసినప్పుడు పశ్చిమ నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ నెలల్లో తల్లి కడుపున ఉన్న మగపిల్లలు పెరిగి పెద్దయి సైన్యంలో చేరడానికి పరీక్షకు వచ్చినప్పుడు వాళ్ళ కొలతలు తీశారు. గర్భం తొలి భాగంలో కరువు తగిలినవాళ్ళలో ఊబకాయం ఎక్కువగా కనిపించిందని 1976లో అచ్చయింది. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ హెర్ట్‌ఫర్డ్‌షైర్ మంత్రసానుల పాత రిజిస్టర్లు తీసి చూశాడు. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో తర్వాత గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1989లో చూపాడు. 1992లో హేల్స్‌తో కలిసి ఆయన పొదుపరి దేహం అనే ఊహను ముందుకు తెచ్చాడు. కడుపులో ఉండగానే కరువు కబురు అందుకున్న పిండం మెదడును కాపాడుకుంటుంది. కండను, క్లోమగ్రంథిని, మూత్రపిండాలను తగ్గించుకుంటుంది. దొరికిన ప్రతి ముద్దనూ దాచుకునేలా తయారవుతుంది. పుట్టాక కూడా కరువే ఉంటే ఆ ఏర్పాటు మేలు చేస్తుంది. అన్నం దొరికే లోకంలో పుడితే అదే ఏర్పాటు రోగమవుతుంది.

మన దేశంలో పుణెకు చెందిన సి.ఎస్. యాజ్ఞిక్ 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో తల్లులనూ పిల్లలనూ కొలిచారు. అక్కడి శిశువులు ఇంగ్లండు శిశువుల కన్నా చాలా తేలిక. కానీ తగ్గిన బరువంతా కండలో, పొట్టలోని అవయవాల్లో తగ్గింది. చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. పుట్టుకతోనే బక్కపలుచని దేహం, అందులో దాగిన కొవ్వు. 2004లో ఆయన, లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్ తమ ఇద్దరి ఫొటోను లాన్సెట్‌లో అచ్చువేశారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒక్కటే. ఒంట్లో కొవ్వు మాత్రం యాజ్ఞిక్‌కు రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇక మన ముంగిట జరిగిన పరిశోధన. 1975 అక్టోబర్ 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం దశలవారీగా విస్తరిస్తున్న కాలంలో, 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలను ఎంచుకుంది. 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ అదనపు ఆహారం అందింది. పథకం ఇంకా చేరని 14 పల్లెల్లో అందలేదు. అప్పటి ప్రశ్న శిశువు బరువు పెరుగుతుందా అన్నంత వరకే. అసలు సంగతి ఆ తర్వాతే మొదలైంది. 2003–05లో లండన్‌కు చెందిన సంజయ్ కిన్రా, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ పల్లెలకు తిరిగి వెళ్ళారు. నాటి పిల్లల్లో 1165 మందిని 13 నుంచి 18 ఏళ్ళ వయసులో పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. ఒంట్లో కొవ్వు పాళ్ళలో తేడా లేదు. ఇన్సులిన్‌కు శరీరం ఎదురుతిరిగే గుణం మాత్రం వాళ్ళలో 20 శాతం తక్కువ. ధమనుల బిరుసుదనమూ తక్కువే. రక్తపోటులో, రక్తపు కొవ్వుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చీటీ వేసి పల్లెలను విడదీసిన ప్రయోగం కాదు గనుక దీని పరిమితులు దీనికున్నాయి. అయినా ఒక్కసారి ఆలోచించండి. తల్లి కడుపులో ఉన్నప్పుడూ బుడిబుడి నడకల వయసులోనూ పడిన ఒక పూట తిండి, పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళాల్లో కనిపించింది. ఆనాడు దాన్ని వండి పెట్టిన ఆయాలకు తాము మధుమేహాన్ని నివారించే పనిలో ఉన్నామని ఎవరూ చెప్పి ఉండరు.

ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అనే పేరుతో ఆ పరిశోధన తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కలుపుకొని కొనసాగింది. మహబూబ్‌నగర్‌కు నేరుగా సంబంధించినది మరొకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2002లో నాలుగు దేశాల్లో మొదలుపెట్టిన యంగ్ లైవ్స్ అధ్యయనం మన దేశంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. అందులో పాలమూరు జిల్లా ఒకటి. 1994–95లో పుట్టినవాళ్ళనూ 2001–02లో పుట్టినవాళ్ళనూ, మొత్తం దాదాపు 3000 మందిని, ఏళ్ళ తరబడి వెంబడించింది. 2002 నాటి తీవ్ర అనావృష్టి పసిపిల్లల ఎదుగుదలను దెబ్బతీసిందనీ, తర్వాత బడిలో దొరికిన మధ్యాహ్న భోజనం ఆ నష్టాన్ని చాలావరకు పూడ్చిందనీ ఆ వివరాలతో సింగ్, పార్క్, డెర్కాన్ 2014లో చూపారు. ఆ కరువు ఏట పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటారు. వాళ్ళలో కొందరు తల్లులు కాబోతున్నారు.

ఈలోగా లోకం మారింది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక మిర్యాలగూడ వైపు వరి విస్తరించింది, బియ్యం మిల్లులు లేచాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చింది. అంతకు ముందు పండుగనాడే అన్నం ఉడికిన ఇళ్ళలో రోజూ అన్నం ఉడికింది. అది కేవలం కేలరీల లెక్క కాదు, మనిషి మర్యాదకు సంబంధించిన విషయం. పేదవాళ్ళు బియ్యం తిని పాడైపోయారని తీర్పు చెప్పేవాళ్ళతో నేను ఎంతమాత్రం ఏకీభవించను. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యం పంపిణీ మొదలైనప్పుడు జనం ముఖాల్లో కనిపించిన సంతోషానికి వందేళ్ళ వెనకటి కారణాలున్నాయి. అయితే రేషను దుకాణం బియ్యం ఇచ్చినంత ధారాళంగా పప్పు ఇవ్వలేదు. ఆముదం, జొన్న చేలు పత్తి చేలయ్యాయి. ఇంటి చేలో దొరికే కంది, పెసర, అనుములు కొనుక్కోవలసిన సరుకులయ్యాయి. ట్రాక్టరు, కోతమిషను, ఆటో వచ్చి ఒంటిపని తగ్గింది. ఊళ్ళో కిరాణా కొట్టు గుమ్మానికి చిప్స్ పొట్లాలు వేలాడాయి. శరీరంలో కండ మాత్రం పాత కరువు కొలతల్లోనే ఉండిపోయింది.

తిన్న చక్కెరలో ఎక్కువ భాగాన్ని ఖర్చు చేసేది కండ. కండ తక్కువైన దేహంలో ఆ చక్కెరకు పోయే దారి ఇరుకు. మిగులు కొవ్వుగా మారుతుంది. చర్మం కింద దాచుకునే చోటు నిండితే కాలేయంలోకి, క్లోమంలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి నుంచి మధుమేహం, రక్తపోటు, ఫ్యాటీ లివర్, గుండెపోటు, నిద్రలో శ్వాస ఆగడం, ఆడవాళ్ళలో నెలసరి తప్పడం, గర్భసంచి పొర క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్. లావు అనేది పైకి కనిపించే రూపం. ప్రమాదమంతా కొవ్వు ఎక్కడ చేరిందన్న దాంట్లో ఉంది. ఈ సంగతిని మార్సేయ్ వైద్యుడు జీన్ వాగ్ 1947లోనే చెప్పాడు. దాన్ని వినడానికి వైద్యలోకానికి చాలా కాలం పట్టింది.

ఇక్కడ కొలబద్ద గురించి చెప్పాలి. ఎత్తుకు బరువును సరిచూసే సూత్రం బెల్జియం గణితవేత్త కెట్లే 1830లలో చెప్పినది. అతనికి జబ్బులతో పని లేదు, సగటు మనిషి కావాలి. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్న గీతలు ప్రధానంగా తెల్లజాతి ప్రజల లెక్కల నుంచి వచ్చాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాసులకు 23 దగ్గరే ప్రమాదం మొదలవుతుందన్నారు. 2009లో మన దేశ నిపుణులు 23ను అధిక బరువుకు, 25ను ఊబకాయానికి గీతలుగా నిర్ణయించారు. నడుము కొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదన్నారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతుకూలీ స్త్రీని ఊహించండి. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. ఇండెక్స్ 24. పాత గీత ప్రకారం ఆమె ఆరోగ్యవంతురాలు. టేపు పెడితే నడుము 86. ఇంట్లోవాళ్ళు ఆమెను బక్కమనిషనే అంటారు. ఆమెకు పరీక్ష రాయాలని డాక్టరుకు తోచకపోతే, షుగరు బయటపడేది కాలి పుండుతోనో గుండెనొప్పితోనో. 2025 జనవరిలో వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక ఇండెక్స్ ఒక్కదాన్నే నమ్మవద్దనీ, కొవ్వును వేరుగా కొలవాలనీ, అవయవాలు దెబ్బతిన్న ఊబకాయాన్నీ ఇంకా దెబ్బతినని దాన్నీ విడదీయాలనీ చెప్పింది. ఈ మార్పు వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరగవలసింది మన రోగులకు.

కొలత సంగతి అయ్యాక ఖర్చు సంగతి. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ బీమా పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషను చేయించుకోలేక చనిపోతున్న పేదలకు అది ప్రాణం పోసింది. దాని విలువను నేను ఏమాత్రం తగ్గించి చెప్పను. కానీ ప్రజాధనం రోగం చివరి మెట్టు దగ్గర ధారాళంగా, మొదటి మెట్టు దగ్గర పిసరంతగా ఖర్చయ్యే అలవాటు అప్పటి నుంచి మారలేదు. స్టెంటుకు డబ్బుంది, టేపుతో నడుము కొలిచే మనిషికి లేదు.

చికిత్సల పరిశోధన ఏం చెబుతోంది? అమెరికాలో 2002లో వెలువడిన మధుమేహ నివారణ ప్రయోగంలో ఆహారం, వ్యాయామం వల్ల కొత్త మధుమేహం 58 శాతం తగ్గింది. బరువు తగ్గడమే అందుకు ముఖ్యకారణమన్నారు. చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన భారతీయ ప్రయోగం 2006లో అచ్చయింది. మూడేళ్ళలో జీవనశైలి మార్పు వల్ల 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ వల్ల 26.4 శాతం తగ్గుదల కనిపించింది. రెండూ కలిపినా అంతకు మించిన లాభం లేదు. గమనించవలసింది మరొకటి: జీవనశైలి మార్చుకున్నవాళ్ళ బరువు తగ్గకుండానే జబ్బు తగ్గింది. మన శరీరాలకు త్రాసు చెప్పే సాక్ష్యం ఎంత అసంపూర్ణమో ఈ ప్రయోగం చెప్పింది. బ్రిటన్‌లో 306 మందితో జరిగి 2018లో అచ్చయిన డైరెక్ట్ ప్రయోగంలో సగం మందిని కొన్ని నెలల పాటు రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారం మీద ఉంచి, తర్వాత మెల్లగా అన్నపానాలకు తెచ్చారు. ఏడాది చివర వాళ్ళలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. కాలేయం, క్లోమం నుంచి కొవ్వు దిగితే జబ్బు వెనక్కి మళ్ళగలదని తెలిసింది.

తిండి విషయంలో ఇటీవలి రెండు సంగతులు చెప్పి ముందుకు వెళ్తాను. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకూడదన్నాయి. 2025లో వెలువడిన దేశవ్యాప్త ఐసీఎంఆర్–ఇండియాబ్ విశ్లేషణ ప్రకారం మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. బియ్యం తీసి గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన ప్రమాదం తగ్గలేదు. పిండిపదార్థంలో కొంత తీసి ఆ చోట పప్పుల, పాల మాంసకృత్తులు పెడితే తగ్గింది. 1960లో పెల్లాగ్రా రోగి పళ్ళెంలో ఏది లేదో 2025లో మధుమేహ రోగి పళ్ళెంలోనూ అదే లేదు.

మందుల చరిత్ర విచారకరమైనది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను పాడుచేసి 1997లో వెళ్ళిపోయింది. సిబుట్రమిన్ గుండెపోట్ల భయంతో 2010లో అనేక దేశాల్లో ఆగిపోయింది. ఆ నేపథ్యంలో సెమాగ్లుటైడ్ అనే మందు రావడం నిజంగా పెద్ద మలుపు. 2021లో అచ్చయిన స్టెప్–1 ప్రయోగంలో 1961 మంది పాల్గొన్నారు. మందు తీసుకున్నవారికి 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. 2022లో టిర్జెపటైడ్ అనే మరో మందు పెద్ద మోతాదుతో 20.9 శాతం. 17,604 మందితో జరిగి 2023లో అచ్చయిన సెలెక్ట్ ప్రయోగంలో, మధుమేహం లేని గుండెరోగుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఈ మందులను చిన్నచూపు చూడడం అజ్ఞానం. లావుగా ఉన్నవాళ్ళను తిండిపోతులని, సోమరులని నిందించే క్రూరత్వానికి కూడా ఇవి శాస్త్రీయమైన జవాబు. ఆకలి మెదడులో నిర్ణయమయ్యే జీవధర్మం, మనిషి గుణదోషం కాదు.

అయినా నాకు కొన్ని ఆందోళనలున్నాయి. స్టెప్–1లో పాల్గొన్నవారి సగటు బరువు 105 కిలోలు. నాలుగింట మూడువంతుల మంది తెల్లజాతివారు. కొందరిని స్కానింగ్ చేసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని కణజాలం. 105 కిలోల మనిషి అందులో కొంత పోగొట్టుకున్నా తట్టుకోగలడు. పుట్టుకతోనే కండ కరువైన, 60 కిలోల పాలమూరు మనిషికి అదే పాళ్ళలో కండ పోతే ఏమవుతుంది? మందు ఆపితే పోయిన బరువులో మూడింట రెండువంతులు ఏడాదిలో తిరిగి వచ్చిందని అదే ప్రయోగపు కొనసాగింపు చెప్పింది. తిరిగి వచ్చేది కండా, కొవ్వా? 2025 మార్చిలో టిర్జెపటైడ్ మన దేశంలోకి వచ్చినప్పుడు తక్కువ మోతాదు సీసా ఒక్కటి 3500 రూపాయలు. అది వారానికి ఒక సూది. నాలుగు వారాలకు 14 వేలు. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. హైదరాబాద్ కంపెనీలు ఆ మందు తయారీకి ముందు నుంచే సిద్ధమయ్యాయి. ధర దిగి మందు పల్లె దాకా వచ్చే సమయానికి, అది ఈ దేహాల్లో ఎలా పనిచేస్తుందో తెలిపే జ్ఞానం మన చేతిలో ఉండాలి. పరాయి దేహాల మీద తేలిన మోతాదును తెచ్చి, కండను కొలవకుండా, పప్పు గుడ్డు సంగతి అడగకుండా సూది వేయడం బాధ్యత గల వైద్యం కాదు.

రోజూ గంట నడవండి అని రాసిచ్చే సలహా గురించి కూడా ఈ సభలో చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరానికి వెన్ను వంగదు, మోకాళ్ళు సహకరించవు. నొప్పితో కదలలేక బరువు పెరుగుతుంది, బరువు వల్ల నొప్పి పెరుగుతుంది. అటువంటి రోగికి కూర్చుని చేసే కండరాల వ్యాయామం ఏది పనికొస్తుందో పరీక్షించి చూడవలసింది నల్లగొండ వైద్యులే. ఇంకొకరికి ఆ అవసరం లేదు.

ఆ పనికి సాధనాలు మన దగ్గర లేవనడానికి ఇప్పుడు వీల్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ప్రతి కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది, దత్తత తీసుకున్న పల్లెలున్నాయి, థీసిస్‌కు విషయం వెతుక్కునే పీజీ విద్యార్థులున్నారు. వాళ్ళ ముందు ఒక నిర్దిష్టమైన పని పెడుతున్నాను. 2015 జనవరి 1 నుంచి తెలంగాణ అంగన్‌వాడీల్లో ఆరోగ్యలక్ష్మి పథకం నడుస్తోంది. గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. 1987లో ఇచ్చిన అదనపు ఆహారం కన్నా ఇది మెరుగైన భోజనం. ఆ మొదటి ఏడాది పుట్టిన పిల్లలకు 2028లో 13 ఏళ్ళు నిండుతాయి. ఆ 29 పల్లెల పిల్లలను పరీక్షించడం మొదలుపెట్టిన వయసు అదే. ఏ తల్లి ఎన్ని రోజులు కేంద్రానికి వచ్చి తిన్నదో, బిడ్డ ఎంత బరువుతో పుట్టాడో అంగన్‌వాడీ రిజిస్టర్లలో రాసి ఉంది. ఎత్తు, నడుము కొలత, చేతి పట్టు బలం, పరగడుపు షుగరు, ఇన్సులిన్: ఈ ఐదు చాలు మొదలుపెట్టడానికి. పాత రిజిస్టర్లు భవనాలు మారినప్పుడల్లా పోతుంటాయి. ఇక్కడున్న సూపర్‌వైజర్లు, టీచర్లు 2015, 2016 నాటి పుస్తకాలను మీ మండలానికి దగ్గరి మెడికల్ కాలేజీకి ఈ సంవత్సరమే చేర్చాలనీ, ప్రిన్సిపాళ్ళు వాటిని స్వీకరించి నకలు తీసి భద్రపరచాలనీ, నైతిక సంఘాల అనుమతి పనులు వెంటనే మొదలుపెట్టాలనీ డాక్టరుగారి పేరున జరుగుతున్న ఈ సభలో కోరుతున్నాను.